మీ ప్రశ్నలు, మా జవాబులు: బీటా బ్రౌజర్ వేసుకోవచ్చా?

పోయిన సంచికలో క్రోమ్ అప్‌డేట్ గురించి రాసిన నాలుగు ముక్కలకు ఇన్ని ఉత్తరాలు వస్తాయనుకోలేదు. కావలి, చీమకుర్తి, ఒంగోలు, పొదలకూరు, మా నెల్లూరు చిన్నబజారు... ఎక్కడి నుంచి రాసినా అడిగింది ఒకటే. ఇంకా పూర్తిగా విడుదల కాని బ్రౌజర్లను, అంటే బీటాలను, మనలాంటివాళ్ళు వాడి చూడొచ్చా అని. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చూడొచ్చు. తెలుగులో రాసేవాళ్ళు, తెలుగులో చదివేవాళ్ళు అయితే చూసి తీరాలి. ఎందుకో కింద ఒంగోలు తెలుగు మాస్టారి ఉత్తరానికిచ్చిన జవాబులో వివరంగా రాశాను. మిగతా ప్రశ్నలన్నీ వచ్చే నెలకు ఉంచి, ఈసారి పేజీ మొత్తం దీనికే ఇస్తున్నాను.

*ప్రశ్న: అన్నా, నేను కావలిలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతా ఉన్నాను. మా రూమ్మేట్ ఫోన్లో క్రోమ్ బీటా అని ఇంకో ఐకాన్ ఉంది. నా క్రోమ్‌లో లేని ఆప్షన్లు వాడికి వచ్చాయి. నేనూ వేసుకుంటే ఇప్పుడున్న క్రోమ్ పోతుందా? డెవ్ అంటారు, కానరీ అంటారు, వీటిలో నేను ఏది వేసుకోవాలి?*
– డిగ్రీ విద్యార్థి, కావలి

తమ్ముడూ, నీ క్రోమ్ ఎక్కడికీ పోదు. ఆండ్రాయిడ్‌లో క్రోమ్ బీటా విడి యాప్. ప్లే స్టోర్‌లో ఆ పేరుతోనే దొరుకుతుంది. వేసుకుంటే మామూలు క్రోమ్ పక్కన ఇంకో ఐకాన్‌గా ఉంటుంది, నచ్చకపోతే తీసేయొచ్చు. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతున్నాను, ప్లే స్టోర్ నుంచే దించుకో. వాట్సాప్ గ్రూపులో ఎవరో పంపిన ఏపీకే ఫైలు జోలికి పోవద్దు. బీటా పేరు పెట్టి ఏదైనా అంటగట్టొచ్చు.

క్రోమ్ నాలుగు మెట్లుగా దిగి వస్తుంది. పై మెట్టు కానరీ, పసుపు రంగు ఐకాన్ దానిది. ఇంజినీర్లు ఇవాళ రాసిన కోడ్ రేపో ఎల్లుండో అందులో ఉంటుంది. ఎవరూ కూర్చుని పరీక్షించకుండానే కంప్యూటరే తయారుచేసి పంపేస్తుంది కాబట్టి ఒక్కోరోజు అసలు తెరుచుకోకపోవచ్చు కూడా. దాని తర్వాత డెవ్, ఆ తర్వాత బీటా, చివరికి అందరి చేతుల్లో ఉండే స్టేబుల్. 2010లో ఆరు వారాలకో కొత్త వెర్షన్ ఇవ్వాలని మొదలుపెట్టి, 2021లో 94వ వెర్షన్ నుంచి నాలుగు వారాలకు తగ్గించారు. కాబట్టి నీ క్రోమ్‌కి రాబోయేది కొన్ని వారాల ముందే బీటాలో కనిపిస్తుంది.

ఫైర్‌ఫాక్స్‌లోనూ ఇదే వరస. రోజూ మారేది నైట్లీ, ఆ తర్వాత బీటా. సైట్లు తయారుచేసేవాళ్ళ కోసం 2014 నుంచి డెవలపర్ ఎడిషన్ అని విడిగా ఒకటి ఇస్తున్నారు. మైక్రోసాఫ్ట్ ఎడ్జ్‌కీ కానరీ, డెవ్, బీటా ఉన్నాయి. ఆపిల్ వాళ్ళు 2016 నుంచి సఫారీ టెక్నాలజీ ప్రివ్యూ ఇస్తున్నారు కానీ అది మ్యాక్ ఉన్నవాళ్ళకే.

నువ్వు ఫోన్లో బీటాతో మొదలుపెట్టు. సొంత ల్యాప్‌టాప్ ఉంటే అందులో ఫైర్‌ఫాక్స్ నైట్లీ కూడా వేసుకో. కంప్యూటర్స్ చదివేవాడికి అంతకంటే మంచి పాఠం లేదు. నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారిందో వాళ్ళే బయటపెడతారు, చదువుకోవచ్చు. కాలేజీ ల్యాబ్ సిస్టమ్‌లో మాత్రం వేయొద్దు, అది నలుగురిది.

ఇక మీ రూమ్మేట్ ఆప్షన్ సంగతి. బీటా వేసుకున్నా అది నీకు రాకపోవచ్చు, నిరాశపడకు. కొత్త సౌకర్యాన్ని ఒక్కసారే అందరికీ తెరవరు. కొందరికి ఇచ్చి, వాళ్ళ దగ్గర క్రాష్‌లు పెరిగాయా, వేగం తగ్గిందా చూసుకుని మిగతావాళ్ళకు వదులుతారు. అందుకే ఒకే వెర్షన్ ఉన్న రెండు ఫోన్లలో రెండు రకాలుగా కనిపిస్తుంది. లేదంటే వాడు ఫ్లాగ్స్ పేజీలో తిప్పి ఉంటాడు. అడ్రస్ బార్‌లో క్రోమ్ అని కొట్టి, కోలన్, రెండు ఏటవాలు గీతలు (//) పెట్టి ఫ్లాగ్స్ అని ఇంగ్లీషులో టైపు చేస్తే ప్రయోగాల జాబితా వస్తుంది. పైనే హెచ్చరిక ఉంటుంది, దాన్ని చదివి ముందుకెళ్ళు. ఒకేసారి పది మార్చావంటే ఏది తేడా కొట్టిందో నీకే తెలియదు. ఒకటి మార్చు, రెండు రోజులు వాడు, నోట్‌బుక్‌లో రాసుకో, అప్పుడు ఇంకోటి. అంతా గందరగోళమైతే పైన ‘రీసెట్ ఆల్’ బటన్ ఉంది.

*ప్రశ్న: సార్, చీమకుర్తిలో ఒక గ్రానైట్ కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. కొత్తగా చేరిన అబ్బాయి ‘ఫాస్ట్‌గా ఉంటుంది మేడమ్’ అని నా సిస్టమ్‌లో క్రోమ్ తీసేసి క్రోమ్ బీటా పెట్టాడు. జీఎస్టీ, బ్యాంకు, టెండర్లు అన్నీ ఆ సిస్టమ్‌లోనే. టెన్షన్‌గా ఉంది. ఉంచమంటారా?*
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

వద్దమ్మా. ఇవాళే మామూలు క్రోమ్ మళ్ళీ వేయించండి.

నెలనెలా 11వ తేదీకి జీఎస్‌టీఆర్-1, 20వ తేదీకి 3బీ రిటర్నులు వేయాల్సిన సిస్టమ్ అది. ఆ సాయంత్రం పోర్టల్ మొరాయిస్తే, తప్పు పోర్టల్‌దా, నెట్‌దా, బ్రౌజర్‌దా అని వెతుక్కునే తీరిక మీకుండదు. బీటా పెట్టారంటే అనుమానించడానికి ఇంకో కారణం చేర్చుకున్నట్టే. బీటా అంటే వైరస్ కాదు, దాన్ని చూసి భయపడనక్కర్లేదు. అయితే కొత్తగా రాసిన కోడ్‌లో ఎక్కడ కన్నాలున్నాయో ఇంకా ఎవరికీ తెలియదు. 2007 జూన్ 11న ఆపిల్ వాళ్ళు సఫారీని విండోస్ కోసం బీటాగా విడుదల చేస్తే, భద్రతా నిపుణులు కొన్ని గంటల్లోనే అందులో లోపాలు పట్టి బయటపెట్టారు. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టే చోట అంత కొత్తది అక్కర్లేదు.

మీకు ఇంకో చిక్కు కూడా ఉంది, డిజిటల్ సంతకం. ఒకప్పుడు టెండర్ సైట్లలో డీఎస్‌సీ టోకెన్, అంటే డిజిటల్ సంతకం సర్టిఫికెట్ ఉండే పెన్‌డ్రైవ్ లాంటిది, పనిచేయాలంటే బ్రౌజర్‌లో జావా ప్లగిన్ ఉండాలి. క్రోమ్ 2015 సెప్టెంబరులో 45వ వెర్షన్‌తో ఆ దారి పూర్తిగా మూసేసింది. ఫైర్‌ఫాక్స్ 2017 మార్చిలో 52తో మూసింది. ఇప్పుడు చాలా పోర్టళ్ళు మీ కంప్యూటర్‌లో ఒక చిన్న ప్రోగ్రామ్ వేయించి, బ్రౌజర్ చేత దానితో మాట్లాడిస్తున్నాయి. రెండూ కలిసే ఆ అతుకు దగ్గరే బ్రౌజర్ మారినప్పుడల్లా ఇబ్బంది వస్తుంది. క్రోమ్ 142 నుంచి, సైటు మీ కంప్యూటర్‌లోని ప్రోగ్రామ్‌తో గానీ ఆఫీసు లోపలి నెట్‌వర్క్‌తో గానీ మాట్లాడాలంటే మీ అనుమతి అడిగేలా పెట్టారు. కంగారులో ‘బ్లాక్’ నొక్కామంటే సంతకం ఆగిపోతుంది, ఎందుకు ఆగిందో అర్థం కాదు. ఇలాంటి మార్పు ముందు బీటాలో కనిపిస్తుంది.

కాబట్టి ఆ అబ్బాయిని కోప్పడకండి, కుతూహలం ఉన్నవాడు ఆఫీసుకు కావాలి. మీ సిస్టమ్‌లో కాకుండా తన సిస్టమ్‌లో బీటా పెట్టుకోమనండి. నెలకోసారి టోకెన్ పెట్టి పోర్టల్‌లో లాగిన్ అయి, సర్టిఫికెట్ పేరు జాబితాలో కనిపిస్తోందా లేదా చూసి మీకు చెప్పమనండి. సబ్మిట్ దాకా వెళ్ళనక్కర్లేదు. రాబోయే ఇబ్బంది 11వ తేదీకి ముందే మీకు తెలుస్తుంది.

*ప్రశ్న: అన్నా, చిన్నబజారులో మాకు చీరల షాపు ఉంది. సొంత వెబ్‌సైట్ కూడా నడుపుతున్నాము. సైటు చేసిపెట్టిన కుర్రాడు ‘నెలకోసారి బీటా బ్రౌజర్‌లో ఒక ఆర్డర్ పెట్టి చూడండి’ అంటా ఉన్నాడు. బాగా నడుస్తున్న సైటుకు ఈ తంటా ఎందుకు?*
– చీరల వ్యాపారి, నెల్లూరు

ఆ కుర్రాడి మాట వినండి. మంచి పనివాడు దొరికాడు మీకు.

సైటులో మీరేమీ మార్చకపోయినా, దాన్ని చూపించే బ్రౌజర్ మారుతూనే ఉంటుంది. 2020 ఫిబ్రవరిలో క్రోమ్ 80 వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి. కస్టమర్ చీర ఎంచుకుని డబ్బు కట్టడానికి బ్యాంకు పేజీకి వెళ్తుంది. ఓటీపీ కొడుతుంది. బ్యాంకు ఆమెను తిరిగి మీ సైటుకు పంపుతుంది. అంతకుముందు ఇదే మనిషి చీర ఎంచుకుందని మీ సైటు గుర్తుపట్టేది కుకీ అనే చిన్న గుర్తుతో. బయటి సైటు నుంచి వచ్చినప్పుడు ఆ గుర్తును చూపించాలంటే, సైటు యజమాని ముందే అలా అని స్పష్టంగా రాసి ఉండాలని క్రోమ్ 80 నియమం పెట్టింది. రాయని సైట్లలో కస్టమర్ వెనక్కి వచ్చేసరికి ‘మీరెవరు?’ అన్నట్టు లాగిన్ పేజీ ఎదురయ్యేది. కార్ట్ ఖాళీ. డబ్బు మాత్రం కట్ అయి ఉంటుంది. ఫోన్ చేసి అరిచేది మిమ్మల్నే, క్రోమ్‌ను కాదు.

ఆ మార్పు మంచికే పెట్టారు, దొంగ సైట్లు మన గుర్తును వాడుకోకుండా. కానీ ఇబ్బంది పడే సైట్లు చాలా ఉన్నాయని, కోవిడ్ రోజుల్లో జనానికి అవసరమైన సైట్లు ఆగకూడదని, 2020 ఏప్రిల్‌లో కొన్నాళ్ళు వెనక్కి తీసుకుని, జూలైలో మళ్ళీ మొదలుపెట్టారు. బీటాలో చూసుకున్నవాళ్ళకు అది ముందే తెలిసింది, సైటులో ఒక చిన్న సవరణతో సరిచేసుకున్నారు. నాకు తెలిసిన ఒక వ్యాపారి చూసుకోలేదు. రోజుల తరబడి ఆర్డర్లు రాని డబ్బును ఒక్కొక్కరికీ తిరిగి పంపుతూ కూర్చున్నాడు. ఆ తలనొప్పి దగ్గరుండి చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

వెర్షన్ నంబరు పెరగడం కూడా ప్రమాదమే అంటే నమ్మరు. ఒపెరా అనే బ్రౌజర్ 10వ వెర్షన్‌ను పరీక్షకు వదిలినప్పుడు, నంబరులో మొదటి అంకెనొక్కటే చదివే సైట్లు దాన్ని ఒపెరా 1 అనుకుని ‘మీ బ్రౌజర్ పాతది’ అని గెంటేశాయి. చేసేది లేక ఒపెరా వాళ్ళు పైకి 9.80 అని చెప్పుకుని, అసలు నంబరును ఇంకో చోట రాసుకున్నారు. 2022 మార్చిలో క్రోమ్, మేలో ఫైర్‌ఫాక్స్ 100కు చేరేముందు రెండు కంపెనీలూ జాగ్రత్తపడి, ‘100 అని చెప్పుకుని తిరిగి చూడండి, ఏ సైటు విరుగుతుందో చెప్పండి’ అని పరీక్షించేవాళ్ళకు ముందుగానే ఆప్షన్ ఇచ్చాయి.

మీరు చేయాల్సింది పెద్ద పనేమీ కాదు. సైటులో ఎవరికీ కనిపించకుండా ఒక రూపాయి వస్తువు పెట్టించుకోండి. బీటా తెరిచి, కొత్త కస్టమర్‌లాగా ఫోన్ నంబరుతో లాగిన్ అయి, దాన్ని కార్ట్‌లో వేసి, ఒకసారి యూపీఐతో, ఒకసారి కార్డుతో కట్టండి. కార్డుతో తప్పకుండా కట్టి చూడండి, పేజీ బయటికి వెళ్ళి తిరిగొచ్చేది అక్కడే. ఆర్డర్ నంబరు వచ్చిందా, మెసేజ్ వచ్చిందా, మీ లిస్టులో ఎక్కిందా చూసుకోండి. టీ తాగినంతసేపు పట్టదు. దసరా, సంక్రాంతి, పెళ్ళిళ్ళ సీజన్ ముందు మాత్రం మానొద్దు.

*ప్రశ్న: బాబూ, నేను ఒంగోలులో ఉంటున్న రిటైర్డ్ తెలుగు మాస్టారిని. శతక పద్యాలకు తాత్పర్యాలు రాసి ఆన్‌లైన్‌లో పెట్టుకుంటున్నాను. మనవడు ఫైర్‌ఫాక్స్ బీటా వేసిపెట్టాడు. కొన్నిచోట్ల వత్తులు విడిపోతున్నాయి, ఒకచోట అక్షరం పక్కన చుక్కల సున్నా వస్తోంది. ఇది ఎవరికి చెప్పుకోవాలి? ఒంగోలు నుంచి ఒక పెద్దాయన చెబితే వాళ్ళు వింటారా?*
– విశ్రాంత ఉపాధ్యాయుడు, ఒంగోలు

వింటారు మాస్టారూ. మీరు చెప్పకపోతే వాళ్ళకు తెలిసే దారే లేదు కాబట్టి, మీరు చెప్పే తీరాలి.

బ్రౌజర్లు రాసే ఇంజినీర్లకు తెలుగు మీద శత్రుత్వం లేదు. వాళ్ళ బల్ల మీద తెలుగు ఉండదు, అంతే. 2018 ఫిబ్రవరిలో ఏం జరిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఐఫోన్లలో ఒక తెలుగు అక్షరం ఉన్న మెసేజ్ వస్తే యాప్ ఉన్నపళంగా మూసుకుపోయేది. ప్రపంచమంతా ‘తెలుగు అక్షరంతో ఫోన్లు ఆగిపోతున్నాయి’ అని రాశారు. ఆ అక్షరం మన ‘జ్ఞ’. దాని తర్వాత కంటికి కనిపించని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం ఉంటే ఐఫోన్‌ను నడిపే ఐఓఎస్ 11.2.5 దాన్ని గీయలేక చతికిలబడింది. అప్పటికి పరీక్షల్లో ఉన్న 11.3 బీటాలో ఆ దోషం లేదు. మిగతా అందరి కోసం ఫిబ్రవరి 19న 11.2.6 అని విడిగా సవరణ ఇచ్చారు. జ్ఞానం, జ్ఞాపకం, విజ్ఞప్తి అని పొద్దున లేస్తే మనం రాసే అక్షరమది. విడుదలకు ముందు రోజూ తెలుగులో రాసేవాళ్ళు వేలమంది దాన్ని వాడి ఉంటే, ఆ దోషం అంతదూరం వచ్చేదని నేననుకోను. నేను నా సిస్టమ్‌లో ఎప్పుడూ ఒక బీటా ఉంచుకుని, ఈ వ్యాసాలన్నీ అందులోనే టైపు చేసేది ఇందుకే.

ఇప్పుడు మీ చుక్కల సున్నా. మీరు పంపిన పేజీని తీసుకుని కూర్చున్నాను. చుక్కల సున్నా వచ్చిన మాట ‘స్త్రీ’. ఫైర్‌ఫాక్స్ బీటాలో ఎలా ఉందో, మామూలు ఫైర్‌ఫాక్స్‌లోనూ, క్రోమ్‌లోనూ అలాగే ఉంది. దాన్ని కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టాను, అక్కడా అంతే. ఇక బ్రౌజర్‌ను అనడానికి లేదు. బాణం మీటతో ఒక్కో అడుగే కదిపి చూస్తే ‘స్త్ర’కూ గుడిదీర్ఘానికీ మధ్య ఒక స్పేస్ ఉంది. పాత టైపింగ్ ఫైలు నుంచి మార్చినప్పుడు దూరి ఉంటుంది. అచ్చు గుర్తుకు ముందు హల్లు కనిపించకపోతే, ‘ఇది దేనికి అంటించాలి?’ అన్నట్టు దానికి చుక్కల సున్నా తగిలించి చూపిస్తుంది కంప్యూటర్. ఆ స్పేస్ తీసేయండి, సరిపోతుంది.

వత్తులు విడిపోయేది మాత్రం వేరే సంగతి. ‘లక్ష్మీ’, ‘రాష్ట్రం’ శీర్షికలో విడిపోతున్నాయి, కింద పద్యంలో బాగానే ఉన్నాయి. నోట్‌ప్యాడ్‌లో చక్కగా ఉన్నాయి. మామూలు ఫైర్‌ఫాక్స్‌లో కూడా చక్కగా ఉన్నాయి. బీటాలోనే తేడా. ఇది వాళ్ళకు చెప్పాల్సిన దోషం.

ఎక్కడ తప్పుందో తేల్చుకోవడానికి దారి ఇదే. తెలుగు అక్షరం తెర మీద కనిపించాలంటే మూడు చేతులు కలవాలి. ఒకటి ఫాంటు. విండోస్‌లో అయితే ఎక్స్‌పీ కాలం నుంచి గౌతమి, విండోస్ 8 నుంచి నిర్మల. ఆండ్రాయిడ్‌లో సాధారణంగా నోటో. రెండోది హల్లునూ వత్తునూ గుణింతాన్నీ పేర్చే ప్రోగ్రామ్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్ రెండిటిలోనూ ఆ పని చేసేది హార్ఫ్‌బజ్ అనే ఒకే ప్రోగ్రామ్. మూడోది బ్రౌజర్. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, నోట్‌ప్యాడ్ అన్నిట్లో విరిగితే ఫాంటునో, రాసిన పాఠాన్నో అనుమానించాలి. ఫాంటు మారిస్తే బాగైతే ఫాంటుదే. ఒక్క బ్రౌజర్‌లోనే, అందులోనూ బీటాలోనే విరిగితే, మీరు ఒక కొత్త దోషాన్ని పట్టుకున్నట్టు.

చెప్పే పద్ధతి కూడా రాస్తాను, మనవడి చేత చేయించండి. ఫైర్‌ఫాక్స్ దోషాలు బగ్‌జిల్లా అనే చోట నమోదు చేస్తారు. ఈమెయిల్‌తో ఖాతా తెరవాలి. అదే దోషం ఇంకెవరైనా ముందే రాశారేమో వెతికి, లేకపోతేనే కొత్తది రాయాలి. క్రోమ్‌లో అయితే మెనూలో హెల్ప్ కింద ‘రిపోర్ట్ యాన్ ఇష్యూ’ ఉంది. విండోస్‌లో ఆల్ట్, షిఫ్ట్, ఐ మీటలు కలిపి నొక్కినా అదే తెరుచుకుంటుంది. ‘తెలుగు సరిగా రావడం లేదు’ అని రాస్తే వాళ్ళేమీ చేయలేరు. ఏ వెర్షన్, ఏ విండోస్, ఏ ఫాంటు, ఏం చేస్తే విరిగింది, ఎలా ఉండాలి, ఎలా వచ్చింది అని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లో రాయండి. వెర్షన్ నంబరు హెల్ప్ కింద ‘అబౌట్’లో పూర్తిగా దొరుకుతుంది. ఫొటో ఒక్కటే పెట్టి ఊరుకోకండి, విరిగిన మాటను టైపు చేసి కూడా పెట్టండి. తెలుగు రాని ఇంజినీరు దాన్ని కాపీ చేసుకుని తన సిస్టమ్‌లో విరగ్గొట్టుకుని చూడాలి. సరైన రూపం ఎలా ఉంటుందో పక్కన బొమ్మ పెట్టండి. ‘ష్ట్ర’లో ఏ వత్తు ఎక్కడుండాలో వాళ్ళకు తెలియదు, మీకు తెలుసు. జీవితమంతా నల్లబల్ల మీద రాసి నేర్పినవారు మీరు, ఈ పనికి మీకంటే అర్హులెవరు? ఒక ఫిర్యాదులో ఒకే దోషం రాయండి. ఫొటోలో మీ ఈమెయిల్, ఫోన్ నంబరు కనిపించకుండా చూసుకోండి. బగ్‌జిల్లాలో రాసింది అందరికీ కనిపిస్తుంది.

వెంటనే జవాబు రాకపోయినా మనసు కష్టపెట్టుకోవద్దు. కొన్నిటికి రెండు రోజుల్లో ‘ఇంకొంచెం వివరం ఇవ్వండి’ అని అడుగుతారు, కొన్ని నెలల తరబడి అలాగే ఉంటాయి. అడిగినప్పుడు మాత్రం తప్పక బదులివ్వండి. బదులు రాని ఫిర్యాదుల్ని మూసేస్తారు.

తెలుగు రాసే మిగతా పాఠకులకూ ఇదే నా విన్నపం. బీటా వేసుకున్న రోజున ఈ మాటలు టైపు చేసి చూడండి: స్త్రీ, లక్ష్మి, రాష్ట్రం, కాత్యాయని, వైశిష్ట్యం, జ్ఞాపకం. బ్యాక్‌స్పేస్ నొక్కితే ఎంత చెరిగింది, డిలీట్ నొక్కితే ఎంత చెరిగింది గమనించండి. ‘సాఫ్ట్‌వేర్’ అనే మాటలో ట్ తర్వాత కనిపించని విడదీసే గుర్తు ఉంటుంది. అది పెట్టకుండా వెతికితే పేజీలో ఆ మాట దొరుకుతోందా చూడండి. పొడుగు పేరాలో లైను చివర అక్షరం సగానికి తెగుతోందా చూడండి. అక్షరాలు పెద్దవి చేసినప్పుడు పైన గుడులు, కింద వత్తులు తెగిపోతున్నాయేమో చూడండి. ఇంగ్లీషుకు కుదిరిన లైను ఎత్తులో మన వత్తులు ఇమడవు, ఎక్కువ కనిపించే దోషం ఇదే.

*ప్రశ్న: సార్, మా జిరాక్స్ షాపులో విండోస్ 7 సిస్టమ్ ఉంది. క్రోమ్ ఇక అప్‌డేట్ రాదంటోంది. బీటా వేస్తే వస్తుందా?*
– జిరాక్స్ షాపు యజమాని, ఆత్మకూరు

రాదండీ. విండోస్ 7కు చివరి క్రోమ్ 2023 జనవరిలో వచ్చిన 109. అంతకంటే కొత్తది స్టేబుల్ అయినా బీటా అయినా ఎక్కదు. ఫైర్‌ఫాక్స్ 115 ఈఎస్‌ఆర్ (ఎక్కువకాలం సవరణలిచ్చే ప్రత్యేక వెర్షన్) అయితే ఎక్కుతుంది. కానీ జనం ఆధార్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు స్కాన్ చేసే సిస్టమ్ అది. వీలైనంత త్వరగా సిస్టమ్ మార్చడమే మంచిది.

*ప్రశ్న: బీటాలో తప్పులు పట్టిస్తే డబ్బులిస్తారని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా అన్నా?*
– ఇంజినీరింగ్ విద్యార్థి, నెల్లూరు

కొన్నిటికి నిజమే. 1995 అక్టోబరులోనే నెట్‌స్కేప్ వాళ్ళు తమ బ్రౌజర్ నావిగేటర్ 2.0 బీటాలో తప్పులు పట్టినవాళ్ళకు బహుమతులు ప్రకటించారు. ఫైర్‌ఫాక్స్ తయారుచేసే మొజిల్లా 2004లో, క్రోమ్ 2010లో అలాంటి పథకాలు మొదలుపెట్టాయి. అయితే డబ్బిచ్చేది భద్రతా లోపాలకే, అంటే దొంగ దూరే కన్నం చూపిస్తేనే. బటన్ పక్కకు జరిగిందని, అక్షరం విరిగిందని చెబితే డబ్బు రాదు. భద్రతా లోపం దొరికితే దాన్ని అందరికీ కనిపించే చోట రాయకూడదు, వాళ్ళు చెప్పిన రహస్య మార్గంలోనే పంపాలి. సీ ప్లస్ ప్లస్ మీద, మెమరీ మీద పట్టు పెంచుకున్నాక ఆ దారిలోకి రా. అప్పటిదాకా మామూలు తప్పులు శుభ్రంగా రాయడం నేర్చుకో, ఉద్యోగానికి వెళ్ళినప్పుడు రోజూ చేసే పని అదే.

*ప్రశ్న: అన్నయ్యా, మావారు పొదలకూరు నిమ్మకాయల మార్కెట్లో వ్యాపారం చేస్తారు. రేట్లు చూసుకునే ల్యాప్‌టాప్‌లో మా అబ్బాయి ఫైర్‌ఫాక్స్ బీటా పెట్టాడు. మళ్ళీ పాతదానికి వెళ్దామంటే పాస్‌వర్డ్‌లు, బుక్‌మార్కులు పోతాయేమోనని భయంగా ఉంది.*
– గృహిణి, పొదలకూరు

భయపడొద్దమ్మా, వరస తప్పకుండా చేస్తే ఏమీ పోవు.

ముందుగా బీటాలోనే బుక్‌మార్కుల మేనేజర్ తెరిచి, వాటిని హెచ్‌టీఎంఎల్ ఫైలుగా బయటికి తీసి పెన్‌డ్రైవ్‌లో పెట్టండి. పాస్‌వర్డ్‌లను కూడా ఫైలుగా తీసుకునే వీలుంది. కానీ అందులో అన్నీ విప్పి రాసి ఉంటాయి, ఎవరు తెరిచినా చదవొచ్చు. పని అయిపోగానే ఆ ఫైలు చెరిపేయాలి, రీసైకిల్ బిన్‌లో నుంచి కూడా.

తర్వాత మామూలు ఫైర్‌ఫాక్స్‌ను మొజిల్లా సైటు నుంచే దించుకోండి. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ‘కస్టమ్’ ఎంచుకుని వేరే ఫోల్డర్ పేరు ఇవ్వండి, లేకపోతే రెండూ ఒకదాని మీద ఒకటి పడొచ్చు. తెరిచినప్పుడు ‘మీరు పాత వెర్షన్ తెరిచారు, కొత్త ప్రొఫైల్ చేసుకోండి’ అన్న అర్థం వచ్చే పెట్టె కనిపిస్తే కంగారుపడకండి. కొత్త వెర్షన్ రాసిపెట్టిన సమాచారాన్ని పాత వెర్షన్ చదివి పాడుచేయకూడదని 2019లో 67వ వెర్షన్ నుంచి పెట్టిన కాపలా అది. కొత్త ప్రొఫైల్‌కే (బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు దాచే కొత్త గూడు) ఒప్పుకుని, మీరు తీసిపెట్టుకున్న బుక్‌మార్కుల ఫైలును, పాస్‌వర్డ్‌ల ఫైలును అందులోకి ఎక్కించండి.

మీ అబ్బాయి తన ఫోన్‌కూ ల్యాప్‌టాప్‌కూ సింక్ పెట్టి ఉంటే ఇంకో జాగ్రత్త. సింక్ ఉన్నంతసేపు ఒకచోట చెరిపింది అన్నిచోట్లా చెరిగిపోతుంది. సర్దుబాటు పూర్తయ్యేదాకా బీటాలో సింక్ ఆపి ఉంచమనండి. ఇకమీదట తను బీటా వాడుకోవాలంటే తన ఖాతా, తన ప్రొఫైల్ విడిగా పెట్టుకోమనండి. ఫైర్‌ఫాక్స్ పరీక్ష వెర్షన్లు మామూలుదానికంటే ఎక్కువ వాడకం సమాచారాన్ని కంపెనీకి పంపుతాయి. సెట్టింగ్స్‌లో ప్రైవసీ కింద ఆ టిక్కులు ఒకసారి చూసుకోమనండి.

రేట్లు చూసే సైటు, బ్యాంకు, మెయిల్ మూడూ మామూలు ఫైర్‌ఫాక్స్‌లో లాగిన్ అవుతున్నాయని మీవారి చేత ఒకసారి చేయించి చూసుకున్నాకే, బీటాను అన్‌ఇన్‌స్టాల్ చేయండి.